మా ఆయుర్వేద మందుల కొట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ వన్‌టౌన్‌లో మా తాతగారు పెట్టిన కొట్టు ఇది. ఆయన తర్వాత నాన్నగారు కూర్చున్నారు, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కౌంటర్ దగ్గరా ఫోన్లోనూ రోజూ వచ్చే ప్రశ్నలకు తీరిగ్గా జవాబు చెప్పే వీలు అన్నిసార్లూ ఉండదు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. మందు సంగతి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మీరు వైద్యులా? నాడి చూస్తారా?

కాదండి, చూడను. తాతగారిని పేటలో అందరూ "వైద్యులుగారూ" అనే పిలిచేవారు. ఆయన ఆ మాట విన్న ప్రతిసారీ "నేను మందులు అమ్ముకునేవాణ్ణి బాబూ, వైద్యుణ్ణి కాదు" అని చెప్పేవారు. ఎదుటివాళ్ళు నవ్వేసేవారు, ఆయన మాత్రం చెప్పడం మానలేదు. నేనూ అదే చెబుతున్నాను. మూలిక చూసి గుర్తుపట్టగలను, మంచిదో కాదో చెప్పగలను, ఎలా కాచుకోవాలో చెప్పగలను. మీ జబ్బేమిటో తేల్చడం నా పని కాదు.

దానికి చదువుకున్న ఆయుర్వేద వైద్యులు ఉన్నారు. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, హైదరాబాదు ఎర్రగడ్డలో బీఆర్‌కేఆర్ కళాశాల, వరంగల్‌లో అనంతలక్ష్మి కళాశాల, తిరుపతిలో ఎస్వీ ఆయుర్వేద కళాశాల ఉన్నాయి. వాటికి అనుబంధంగా ఆసుపత్రులు కూడా ఉన్నాయి. అక్కడ చూపించుకుని చీటీ తెచ్చుకోండి.

చీటీ లేకపోతే మందు ఇవ్వరా?

కొన్ని ఇస్తాను, కొన్ని ఇవ్వను. త్రిఫల చూర్ణం, సొంఠి, పిప్పళ్ళు, అతిమధురం, వాము, కుంకుడుకాయలు, తలనూనెలు ఇలాంటివాటికి చీటీ అడగను. కానీ ఏది అడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: "ఎవరికి?" ఇది తాతగారి అలవాటు. కొందరికి విసుగ్గా ఉంటుంది, "డబ్బులిస్తున్నాం కదమ్మా, ఇచ్చెయ్యి" అంటారు. కానీ ఒకే అతిమధురం ముక్క దగ్గుతో ఉన్న కాలేజీ కుర్రాడికి ఒక రకం, బీపీ ఉన్న పెద్దాయనకు ఇంకో రకం. అతిమధురం రోజూ తింటే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. అది తెలిసి కూడా అడక్కుండా పొట్లం కట్టి ఇవ్వలేను.

చీటీ లేనిదే అసలు ఇవ్వనివి ఇంకో వరస. పాదరసం, గంధకం కలిపి నూరిన కజ్జలితో చేసే రసౌషధాలు, భస్మాలు, నాభి అనే విషపు దుంప, ముష్టి గింజలు, నల్లజీడి, నేపాళం, ఉమ్మెత్త పడిన మందులు. మన ఔషధ చట్టం నియమాల్లో విషద్రవ్యాల జాబితా ఒకటి విడిగా ఉంది. అందులోవి కలిపిన మందు మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించి ఉండాలి. శుద్ధి చేశాక ఇవి మందులే, కాదనను. కానీ ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఎవరికి అన్నది వైద్యుడు చెప్పాలి. "యూట్యూబ్‌లో చూశాను" అన్నది చీటీ కిందికి రాదు. దీని మీద నాతో ఎంత వాదించినా లాభం లేదు, దయచేసి టైము వృథా చేసుకోవద్దు.

మోకాళ్ళ నొప్పులకు రెండు రోజుల్లో తగ్గే పొడి మీ దగ్గర ఉందా?

లేదు. అలాంటి పొడి ఎక్కడైనా దొరికితే కొనవద్దని కూడా చెబుతున్నాను.

మా దగ్గర ఏళ్ళ తరబడి మహానారాయణ తైలం కొనే ఒక పెద్దావిడ కొన్నాళ్ళు రావడం మానేశారు. మళ్ళీ వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. మొహం గుండ్రంగా ఉబ్బి, బుగ్గలు బిగిసి ఉన్నాయి. "నొప్పులు పోయాయే అమ్మాయ్, ఆకలి కూడా బాగా వేస్తోంది" అని సంతోషంగా చెప్పారు. చేతి సంచిలోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసి చూపించారు. సంతలో ఎవరో ఇచ్చిన బూడిదరంగు పొడి, పేరూ లేదు, ఊరూ లేదు. నాకు గుండె జారిపోయింది. రెండు రోజుల్లో నొప్పి మాయమవడం, ఆకలి విపరీతంగా పెరగడం, మొహం ఉబ్బడం, ఈ మూడూ కలిస్తే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉందేమోనని అనుమానించాలి. వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి, పొట్లంతో సహా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. అనుమానం నిజమే అయింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చాలా రోజులు వాడిన స్టెరాయిడ్‌ను భయపడి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. డాక్టరే మెల్లగా తగ్గించాలి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పొడి వాడుతుంటే దాన్ని పారేయకండి, పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అసలు సరుకు, కల్తీ సరుకు ఎలా గుర్తుపట్టాలి?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న.

కరక్కాయతో మొదలుపెడదాం. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు ఉండాలి. నీళ్ళలో వేస్తే మునగాలి. ఇది శాస్త్రంలో చెప్పిన గుర్తే. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలలాడుతుందంటే ఎండి డొల్లయిపోయిందన్నమాట. పురుగు తిన్న కాయకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది, ఆ కాయను గోడకు తడితే సన్నటి పిండి రాలుతుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాకు తాతగారు ఇచ్చిన పని ఇదే, బస్తా కరక్కాయలు ముందు పోసి రంధ్రమున్నవి ఏరమనేవారు. వందకు ఇన్ని అని లెక్క చెప్పాలి. ఇప్పటికీ కరక్కాయ చేతికొస్తే నా బొటనవేలు దానంతట అదే రంధ్రం కోసం వెతుకుతుంది.

మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు. గ్లాసు నీళ్ళలో వేసి చూడండి, మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. కుంకుమపువ్వును గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే రంగు నిదానంగా దిగాలి, రేకు ఎర్రగానే మిగలాలి. వెయ్యగానే నీళ్ళు ఎర్రబడి రేకు తెల్లబోతే అది రంగు పూసిన సరుకు. సుగంధిపాల వేరు సన్నగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది. విరిచి వాసన చూస్తే మన సోడాకొట్లో సుగంధి గుర్తుకు రావాలి. బొటనవేలంత లావుగా, కండగా ఉన్న వేరు వేరే మొక్కది. దాని వాసన కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది, షర్బత్‌కు విరివిగా వాడతారు. మందులోకి అడిగితే నేను సన్న వేరే ఇస్తాను.

అశోక చెక్క దగ్గర అందరూ మోసపోతారు. రోడ్ల పక్కన, స్కూళ్ళ ప్రహరీల వెంట నిటారుగా స్తంభంలా పెరిగి, అంచులు అలలు తిరిగిన ఆకులు కిందికి వాలి ఉండే చెట్టును మనం అశోక చెట్టు అంటాం. మందుకు పనికొచ్చే అశోకం అది కాదు. అసలు అశోకానికి నారింజ, ఎరుపు రంగుల పూలు గుత్తులు గుత్తులుగా పూస్తాయి. బజారులో ఆ మొదటి చెట్టు బెరడే అశోక చెక్క పేరుతో ఎక్కువగా తిరుగుతోంది. నమ్మకమైన సరుకు రానప్పుడు "అశోక చెక్క లేదు" అనే చెబుతాను.

తేనె సంగతి మాత్రం ఇంట్లో తేలదు. అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, నీళ్ళలో వేస్తే అడుగుకు చేరడం, కుక్క ముట్టదనడం, ఇవేవీ నమ్మదగ్గ పరీక్షలు కావు. చక్కెర పాకం కూడా వీటిలో చాలావరకు నెగ్గుతుంది. ల్యాబులోనే తేలుతుంది. అందుకే తేనె విడిగా కొలిచి అమ్మడం మానేశాం. గిరిజన సహకార సంస్థ సీసాలు పెడుతున్నాం.

సరుకు ఎక్కడి నుంచి తెప్పిస్తారు?

ఒక్క చోటు కాదు. కరక్కాయ, తానికాయ, ఉసిరి, కుంకుడు, తేనె మన్యం నుంచి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అక్కడి గిరిజనుల దగ్గర కొని అమ్ముతుంది. పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, ఎక్కువగా మధ్యప్రదేశ్ నీమచ్ మండీ నుంచి. కుంకుమపువ్వు కశ్మీర్‌ది. ఇంగువ అఫ్ఘానిస్థాన్, ఇరాన్ వైపు నుంచి వస్తుంది. మన వంటింట్లో ఇంగువ లేని పోపు ఉండదు గానీ, ఆ మొక్కను మన దేశంలో నాటడం మొదలైంది 2020లోనే, హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లోయలో.

ఏ కంపెనీ మందులు ఉంటాయి? ఒకే పేరుతో పది కంపెనీలవి ఉంటాయి, తేడా ఏమిటి?

మన తూర్పుగోదావరి వైపు చింతలూరు మందులు, మద్రాసు ఇంప్‌కాప్స్ (1944లో వైద్యులంతా కలిసి పెట్టుకున్న సహకార సంస్థ), కేరళ కోటక్కల్ ఆర్య వైద్యశాల (1902) మందులు, ఇంకా ఉత్తరాది పాత కంపెనీలవి పెడతాం.

దశమూలారిష్టం, తాళీసాది చూర్ణం లాంటి పాత పేర్లున్న మందుల పాఠం, అంటే ఏయే దినుసులు ఎంతెంత వేసి ఎలా చేయాలన్నది, గ్రంథాల్లో ఉంది. 1940 నాటి ఔషధ చట్టం మొదటి షెడ్యూలులో ఆ గ్రంథాల పేర్లు ఉన్నాయి. చరకం, సుశ్రుతం, అష్టాంగహృదయం, శార్ఙ్గధరంతో పాటు మన తెలుగు వైద్యులు తరతరాలుగా నమ్ముకున్న బసవరాజీయం కూడా ఆ జాబితాలో ఉంది. అది చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది. ఇలాంటి మందుకు సీసా మీద ఏ గ్రంథం ప్రకారం చేశారో రాసి ఉంటుంది, చూడండి. కొత్త పేర్లతో, రంగురంగుల డబ్బాల్లో వచ్చేవి కంపెనీలు సొంతంగా కూర్చుకున్నవి. అవన్నీ చెడ్డవని కాదు, కానీ అందులో ఏముందో లేబుల్ మీద పూర్తిగా చదివాకే కొనండి.

మీకు లైసెన్సు ఉందా?

ఆయుర్వేద మందు తయారు చేయాలంటే లైసెన్సు తప్పనిసరి. తయారైన మందు అమ్మడానికి ఇంగ్లీషు మందుల షాపులాగా డ్రగ్ లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా అమ్మవచ్చు, ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అందుకే మీరు చూడాల్సింది సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా ఆ సీసా వెనక్కి పెట్టేయండి, మా కొట్లో అయినా సరే.

షుగర్, క్యాన్సర్ పూర్తిగా నయం చేసే మందు ఉందా?

లేదు. అలా నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా గోడల మీద, ఫోన్లలో కనపడుతూనే ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళు నేరేడు గింజల పొడి, మెంతులు, పొడపత్రి అడుగుతారు, ఇస్తాను. కానీ ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ ఆపి వాడతానంటే ఇవ్వను. మాత్రలతో పాటు వాడినా చక్కెర మరీ పడిపోవచ్చు, డాక్టరుకు చెప్పి వాడండి. ఇంకో మాట, షుగర్ ఉన్నవాళ్ళు లేహ్యాలు అడిగేటప్పుడు ఒకసారి ఆలోచించండి. చ్యవనప్రాశలో ఉసిరి ఎంత ఉంటుందో చక్కెర కూడా అంత బాగానే ఉంటుంది.

ఇంగ్లీషు మందులతో పాటు ఇవి వాడవచ్చా?

ఒక్క ముక్కలో జవాబు లేదు. బీపీ, థైరాయిడ్, గుండె మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు ఏ మూలిక మొదలుపెట్టినా ముందు మీ డాక్టరుకు చెప్పండి. "డాక్టరు తిడతారు" అని దాచేవాళ్ళే ఎక్కువ. తిట్టినా పర్వాలేదు, చెప్పండి. ఇసబ్‌గోల్ నిండా నీళ్ళతో తాగాలి, మాత్రలకూ దానికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి. లేకపోతే మాత్ర సరిగ్గా ఒంటబట్టదు. సునాముఖి ఆకు విరేచనానికి మంచిదే గానీ వారాల తరబడి రోజూ వేసుకునేది కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు భస్మాలు అసలే ఇవ్వను.

తిప్పతీగ రోజూ తాగితే మంచిదేనా?

కరోనా రోజుల్లో తిప్పతీగ కోసం పొద్దున్నే క్యూ కట్టారు. జ్వరాలకు మన పెద్దలు ఎప్పటి నుంచో వాడుతున్న తీగే, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో రాశారు. ఆయుష్ శాఖ దానితో ఏకీభవించలేదు, అదే జాతికి చెందిన వేరే తీగను పొరపాటున వాడి ఉండవచ్చని చెప్పింది. ఎవరిది నిజమని నేను తేల్చలేను. నా వరకు నేను పాటించేది ఇది: గోడ మీద పాకిన ఏదో తీగ కోసుకొచ్చి "ఇదేనా అమ్మా" అంటే అవునని భరోసా ఇవ్వను. నెలల తరబడి రోజూ తాగమనను. కాలేయం జబ్బు, కీళ్ళవాతం, థైరాయిడ్ లాంటివి ఉన్నవాళ్ళకు వైద్యుడు రాస్తే తప్ప ఇవ్వను.

కామెర్లకు నేల ఉసిరి ఇస్తారా?

ముందు రక్తపరీక్ష కాగితం చూపించమంటాను. కామెర్లు ఒక జబ్బు కాదు, చాలా జబ్బులకు అదొక గుర్తు. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి విశ్రాంతితో వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరు మందుకు వస్తుంది. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు అలాగే పచ్చబడతాయి. దానికి పసరు తాగుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకసారి రాత్రి కొట్టు మూసేవేళకు ఒకాయన కొడుకును తీసుకొచ్చారు. బల్బు వెలుగులో కూడా ఆ పిల్లాడి కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, పిలిస్తే మత్తుగా పలుకుతున్నాడు. నాన్నగారు సొరుగు తెరవనే లేదు. షట్టర్ దించేసి, వాళ్ళతో పాటు రిక్షా ఎక్కి ఆసుపత్రికి వెళ్ళారు. కామెర్లతో మత్తు, మాట తడబాటు, వాంతులు ఆగకపోవడం ఉంటే దయచేసి మా కొట్టుకు రాకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

కషాయం ఎలా కాచుకోవాలి?

చిటికెడు పొడి వేణ్ణీళ్ళలో కలిపేస్తే కషాయం కాదు. కషాయానికి ఇచ్చేది మెత్తటి పొడి కాదు, రవ్వలా దంచిన చూర్ణం. 10 గ్రాములు, అంటే రెండు చెంచాలకు కాస్త అటూ ఇటూగా తీసుకుని 160 మిల్లీలీటర్ల నీళ్ళలో వేసి, మూత పెట్టకుండా, సన్నటి సెగ మీద 40 మిల్లీలీటర్లు మిగిలేదాకా కాచాలి. వడకట్టి గోరువెచ్చగా తాగాలి. వేర్లు, బెరడు ఉన్నవైతే రాత్రే నానబెట్టుకోండి. స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం వద్దు. పొద్దున కాచింది సాయంత్రానికి సరిపెట్టుకోండి, మర్నాటికి ఉంచవద్దు. తేనె కలుపుకోమని వైద్యుడు చెబితే కషాయం చల్లారాకే కలపండి.

పథ్యం ఏమిటి?

మందు చేతికివ్వగానే అందరూ అడిగేది ఇదే. వైద్యుడు రాస్తే అదే పాటించండి. ఏమీ రాయకపోతే నన్ను ఊహించి చెప్పమనకండి. "వంకాయ, గోంగూర, ఆవకాయ మానెయ్యండి" అని అలవాటుగా అనేయడం తేలికే. అసలే నీరసంగా ఉన్న ముసలివాళ్ళు ఆ మాట పట్టుకుని నెలల తరబడి చారన్నంతో సరిపెట్టడం నేను చూశాను.

గడువు తేదీ దాటితే ఆయుర్వేద మందు పాడవుతుందా?

"ఆయుర్వేదానికి గడువేమిటండీ" అంటారు చాలామంది. శార్ఙ్గధరుడు ఎప్పుడో చెప్పాడు, చూర్ణం రెండు నెలలు దాటితే శక్తి తగ్గుతుందని, ఆసవాలు (పులియబెట్టి చేసే ద్రవ మందులు), భస్మాలు మాత్రం పాతబడేకొద్దీ గుణం పెరుగుతాయని. ఇప్పటి నిబంధనలు చూర్ణాలకు 2 సంవత్సరాలు, ఆసవ, అరిష్టాలకు 10 సంవత్సరాలు గడువు పెట్టాయి. మేం చూర్ణాలు కొద్దికొద్దిగానే తెప్పిస్తాం. ఇంటికి తీసుకెళ్ళాక తడి చెంచా ముంచకండి. మన కృష్ణ ఒడ్డు వానాకాలంలో తడి తగిలిన చూర్ణం వారంలో ఉండకడుతుంది. ఉండకట్టిన చూర్ణం పారేయండి.

అరిష్టాల్లో ఆల్కహాల్ ఉంటుందా?

ఉంటుంది. బయటి నుంచి కలపరు, కషాయంలో బెల్లం వేసి పులియబెట్టడం వల్ల దానంతట అదే పుడుతుంది. ఎంత శాతమో సీసా మీద ఉంటుంది. కాబట్టి మద్యం మానడానికి మందు వాడుతున్నవాళ్ళు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు నాతో ముందే చెప్పండి. మతనియమం వల్ల వద్దనుకునేవాళ్ళు కూడా మొహమాటపడకండి, అదే పాఠం కషాయంగానో మాత్రగానో ఉంటే చూపిస్తాను.

బాలింత కాయం, పసిపిల్లల మందులు దొరుకుతాయా?

కాయం దొరుకుతుంది. సొంఠి, పిప్పళ్ళు, మోడి (పిప్పలి వేరు), మిరియాలు, వాము, ఇలా దినుసులన్నీ కలిపి దంచిన పొడి ఇస్తాం. పాత బెల్లం, నెయ్యి మీరు కలుపుకోవాలి. ఆపరేషన్ అయినవాళ్ళు, బీపీ పెరిగి కాన్పయినవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. కాయం పేరు చెప్పి బాలింతకు నీళ్ళు తగ్గించడం, కూరలు మాన్పించడం మాత్రం చెయ్యకండి అని అమ్మమ్మలందరికీ చేతులు జోడించి చెబుతున్నాను. పాలిచ్చే తల్లికి నీళ్ళూ కావాలి, తిండీ కావాలి.

పసిపిల్లల విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు, నేనూ అదే అంటాను. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. అరుదైనా ప్రాణాంతకమైన జబ్బు దానివల్ల రావచ్చు. కస్తూరి మాత్రలు అడుగుతారు. కస్తూరి మృగం వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ ఉన్న జంతువు. మరి ఆ చిన్న డబ్బాలో ఉన్నది ఏమిటో నాకు తెలియదు, అందుకే అమ్మడం మానేశాను. వసకొమ్ము మూల నక్షత్రం నాడు సరస్వతీ పూజకు వచ్చినవాళ్ళు బాగా కొంటారు, పిల్లలకు మాటలు బాగా రావాలని. పూజలో పెట్టుకోండి. నాలుక మీద అరగదీసి రాసే ముందు పిల్లల వైద్యుణ్ణి అడగండి. వసను తినే పదార్థాల్లో వాడకూడదని అమెరికాలో నిషేధమే ఉంది.

ఆడవాళ్ళ ఇబ్బందులు కౌంటర్ దగ్గర అందరి ముందూ ఎలా అడగాలి?

నాన్నగారి రోజుల్లో అమ్మలు తమ మందు కోసం భర్తనో కొడుకునో పంపేవారు. వాళ్ళకు సగమే తెలిసేది, మిగతా సగం చెప్పడానికి సిగ్గుపడేవారు. నేను కూర్చోవడం మొదలుపెట్టాక వాళ్ళే వస్తున్నారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా రద్దీ ఉండదు, అప్పుడు రండి. చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి, నేను చదివి చింపేస్తాను.

నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్ళీ రక్తం కనిపించినా, తెల్లబట్ట దుర్వాసనతోనో రక్తపు జీరతోనో వచ్చినా నేను మందు ఇవ్వను. ఆ రోజే లేడీ డాక్టరుకు చూపించుకోమంటాను. గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, గర్భిణులు పెన్నేరు గడ్డ పొడి సొంతంగా వాడవద్దు.

సున్నిపిండి సామాను విడిగా ఇస్తారా?

ఇస్తాం. ఈ ఒక్క పొట్లం కట్టేటప్పుడు కొట్టంతా వేరుగా ఉంటుంది. బావంచాలు, కచ్చూరాలు, గంధకచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేళ్ళు, కస్తూరి పసుపు, ఎండు గులాబీ రేకులు ఒక్కొక్క సొరుగూ లాగేకొద్దీ ఒక్కో వాసన. పెసలు మీ ఇంట్లోవే కలిపి మరపట్టించుకోండి. బావంచాలు కొద్దిగానే వేస్తాను. అవి రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి చర్మం మండి నల్లబడుతుంది. పసిబిడ్డకైతే బావంచాలు లేకుండా కట్టమని చెప్పండి.

మృగశిర కార్తెకు చేప మందు దొరుకుతుందా?

అది మేం అమ్మేది కాదండి. ఆ రోజు ఇంగువ, బెల్లం ఉండ తినే అలవాటున్నవాళ్ళు ఇంగువ కోసం వస్తారు. ఆయాసం ఉన్నవాళ్ళు మాత్రం ఇన్‌హేలర్ మానకండి.

అమెరికా, దుబాయ్‌లో ఉన్న మా పిల్లలకు పంపిస్తారా?

మేం విదేశాలకు పార్సిల్ చెయ్యం. మీరు కొని పట్టుకెళ్ళేటట్లయితే కంపెనీ సీలు ఉన్న డబ్బాలు, బిల్లు, వైద్యుడి చీటీ దగ్గర పెట్టుకోండి. విడి పొట్లాలు వద్దు. భస్మాలు, రసౌషధాలు అసలు వద్దు.

అన్నిటికంటే ముఖ్యం గసగసాలు. దుబాయ్, సౌదీ, సింగపూర్ వెళ్ళేవాళ్ళు గసగసాలు ఒక్క చెంచా కూడా తీసుకెళ్ళకూడదు. అక్కడ అవి మత్తుపదార్థాల కింద లెక్క. విడిగానే కాదు, మసాలా పొడిలో కలిసినా ఇబ్బందే. అమ్మ ప్రేమగా కట్టిన మసాలా డబ్బాతో బిడ్డ జైలుపాలయ్యే ప్రమాదం ఉంది. అందుకే గసగసాలు అడిగిన ప్రతివాళ్ళనూ "ఊళ్ళోకేనా, ఊరు దాటుతున్నాయా?" అని అడుగుతాను.

కొట్టు ఎప్పుడు తెరిచి ఉంటుంది?

పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది వరకు. ఆదివారం ఒక పూటే. దసరా నవరాత్రుల్లో అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ళతో రోడ్లు మూసేస్తారు కాబట్టి ఫోన్ చేసి రండి.

మా తాతగారి కాలం నాటి చీటీ ఉంది. దాని ప్రకారం మందు కట్టి ఇస్తారా?

తీసుకురండి, చదువుదాం. పాత చీటీల్లో తూకాలు తులాలు, పలాలు, వీశెల్లో ఉంటాయి. మూడు తులాలు ఒక పలం, అంటే సుమారు 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశె, అంటే సుమారు 1400 గ్రాములు. ఇప్పుడు బజారులో తులమంటే పది గ్రాములని లెక్కేస్తారు, ఆ లెక్కతో కడితే తూకం తగ్గిపోతుంది. పేర్లలోనూ ఊరికో వాడుక. "రాష్ట్రం" అని రాసి ఉంటే మన వైపు దుంపరాష్ట్రం ఇస్తారు, ఉత్తరాదిలో రాస్నా అంటే వేరే మొక్క. ఆ చీటీ రాసినాయన ఏ వైపు వారో కూడా అడుగుతాను.

క్రితం ఏడాది ఒకావిడ ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టి ఒక కాగితం తెచ్చారు. నాలుగు మడతల దగ్గర చిరిగి ఉంది, నీలం సిరా. చూడగానే ఒళ్ళు జలదరించింది, అది మా తాతగారి చేతిరాత. వైద్యుడు చెప్పిన తైలానికి దినుసులు ఆయన తూకం వేసి రాసిచ్చిన జాబితా. మొత్తం పదకొండు దినుసులు. మారేడు వేరు, పల్లేరు, వాకుడు, ఒక్కొక్కటీ ఎన్ని పలాలో పక్కన ఉంది. ఎనిమిదోది మడతలో పడి సిరా చెరిగిపోయింది. వెలుగుకు పెట్టి చూశాను, భూతద్దం పెట్టి చూశాను, నాన్నగారికి చూపించాను. చివరి అక్షరానికి సున్నా ఉందని తప్ప ఇంకేమీ దొరకలేదు. ఆ చోట ఏది ఉండవచ్చో మాకు రెండు మూడు ఊహలు ఉన్నాయి. ఆవిడ కూడా "ఏదో ఒకటి వేసి కట్టెయ్యమ్మా, మా అమ్మ వాడిన తైలం" అన్నారు. కట్టలేదు. చెరిగిన చోట పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి, ఫోటో ఒకటి తీసుకుని, కాగితం మళ్ళీ ఆ కవరులోనే పెట్టి ఆవిడకు ఇచ్చేశాను.